పెంచలయ్య పెట్టిన ప్రాణం

1963 సెప్టెంబరులో నేను నెల్లూరులోని వ్యవసాయ యంత్రాల వర్క్‌షాపుకు మెకానికల్ సూపర్‌వైజరుగా వచ్చాను. అంతకు ముందు మద్రాసులో ఒక లారీల షెడ్డులో ఫిట్టరుగా, తరవాత చార్జిమన్‌గా పనిచేశాను. సూపర్‌వైజరు అనే మాట వినడానికి గొప్పగానే ఉంటుంది. పైన అసిస్టెంటు ఇంజనీరు గారు సంతకం పెడతారు, కింద ఫిట్టరు పానా పడతాడు, బండి కదలకపోతే మాత్రం రైతు వచ్చి నిలదీసేది మధ్యలో ఉన్న సూపర్‌వైజరునే. నేను స్వతహాగా ముక్కోపిని కాబట్టి ఆ కుర్చీ నాకు బాగానే కుదిరిందని మా ఆవిడ అంటుండేది.

చేరిన నెల తిరగకుండానే క్యాంపు పడింది. ఊరు వదిలి బయట చేసే డ్యూటీని మా శాఖలో క్యాంపు అంటారు. చిట్టమూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ వైపు ఉన్న ఒక పల్లెలో పాత ట్రాక్టరు మూలపడిందని, ఆయిల్ ప్రెజరు నిలవడం లేదని, ఇంజను లోపల ఏదో కొట్టుకుంటోందని కబురు. నెల్లూరు నుంచి నాయుడుపేట దాకా బస్సులో, అక్కడి నుంచి సామాన్ల పెట్టెలతో సహా ఎద్దుల బండి మీద వెళ్ళాం. నాతో వచ్చినవాడు ఫిట్టరు దావీదు. నాకంటే వయసులో పెద్దవాడు, మిషను బడిలో చదువుకున్నవాడు, మాట తక్కువ. పని మొదలుపెట్టే ముందు కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవాడు. ఇంజను కింద దూరాల్సిన పనైతే ఆ ప్రార్థన కొంచెం పొడుగయ్యేది.

ట్రాక్టరు సొంతదారు రమణమ్మ గారు. నలభై దాటిన మనిషి, భర్త పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. యుద్ధం ముగిసిన కొత్తలో ఆయనే ఆ ట్రాక్టరును మద్రాసులో కొని, కాలువ పడవ మీద ఎక్కించి తెచ్చారట. దాన్ని పడవలోంచి దించిన రోజు చుట్టుపక్కల పల్లెలన్నీ కాలువ గట్టునే ఉన్నాయని ఆమె చెప్పారు. ఆ ధీమాతోనే ఇంట్లో ఎద్దులను అమ్మేశారు. ఇప్పుడు ఇంజను ఆగింది. వాన పడితే దుక్కి మొదలుపెట్టాలి, మొలగొలుకుల వరి నారు మడిలో ఎదిగి ఉంది. అద్దెకు ఎద్దులు దొరకవు, ఆ వారం పది రోజులూ ఎవరి ఎద్దులు వాళ్ళకే చాలవు.

అసలు సంగతి అది కూడా కాదు. ఆమె మరిది ఒకాయన రోజూ గొడుగేసుకుని వచ్చి, ఎంతో మర్యాదగా, బండి బాగుపడిందా వదినా అని అడిగి పోతున్నాడు. ఈ ఏడు దుక్కి తన చేతుల మీద జరగకపోతే భూమంతా ఆయనకు కౌలుకు ఇచ్చేస్తానని రమణమ్మ గారు పెద్దమనుషుల ముందు మాట ఇచ్చి ఉన్నారు. ఒకసారి ఆ చేతికి వెళ్ళిన భూమి తిరిగి రాదని ఆమెకు తెలుసు, మరిదికి ఇంకా బాగా తెలుసు. అందుకే అంత మర్యాద.

"ఇది నడిస్తే నేను సేద్యగత్తెను. నడవకపోతే మా మరిది ఇంట్లో తింటుండే మనిషిని. ఇంతకు మించి నేను చెప్పేదేమీ లేదు సార్," అన్నారు ఆమె.

పూరికొట్టంలో ట్రాక్టరును చూడగానే, మొహమాటం లేకుండా చెబుతున్నాను, సామాన్ల పెట్టె కింద పెట్టి దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. లారీలు విప్పి చేతులు అరగదీసుకున్నవాణ్ణి. ఇలాంటి ఇనుమును అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఇంగ్లీషు దేశంలో యుద్ధం రోజుల్లో పోతపోసిన బండి. వెనక చక్రాలకు రబ్బరు లేదు, ఇనప ముళ్ళే. హ్యాండిలు తిప్పి పెట్రోలు మీద రాజేసి, వేడెక్కాక కిరసనాయిలు మీదికి మార్చాలి. లారీకి ఉన్నట్టు దీనికి అడుగున చట్రం ఉండదు. ఇంజను, గేరుపెట్టె, వెనక ఇరుసు ఒకదానికొకటి బోల్టులతో బిగిస్తే అదే ఒళ్ళు, అదే ఎముక. ఇంజను అడుగున నూనె నిలవుండే తొట్టిని పుస్తకాల్లో ఆయిల్ పాన్ అని, సంప్ అని రాస్తారు. మా షెడ్డుల్లో అందరం ఛాంబరు అనే అంటాం. లారీకి అది పల్చటి రేకు. ఈ బండికి మాత్రం బలమైన పోత ఇనుము, ముందు ఇరుసు బరువంతా మోసేది అదే.

దావీదు హ్యాండిలు వేశాడు. రాజుకోగానే ప్రెజరు మీటరు ముల్లు లేచింది, ఒక్క క్షణం ఆగింది, తిరిగి కిందికి జారిపోయింది. వెంటనే అడుగు నుంచి టకటకమని దెబ్బ మొదలైంది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని విన్నాను. వైద్యుడి గొట్టానికి మాకున్న బదులు అదే. ఒక కనెక్టింగు రాడ్డు అడుగు బేరింగు వదులైంది. ఆపేయమన్నాను. ఆ బేరింగు లోపలి పూత తెల్లటి మెత్తని లోహం, దాన్ని కాపాడేది నూనె ఒక్కటే. నూనె అందక అది కరిగిందంటే రాడ్డు విరిగి ఇంజను గోడను చీల్చుకుని బయటికొస్తుంది. ఆ తరవాత బాగుచేయడానికి ఏమీ మిగలదు. ఛాంబరు దించితే తప్ప నూనె ఎందుకు అందడం లేదో తెలియదు, బేరింగు చేతికి రాదు.

నూనె దించాం. అరచేతిలో పోసుకుని ఎండలో చూస్తే సన్నని వెండి రజను మెరిసింది. బేరింగు అప్పుడే అరగడం మొదలుపెట్టిందన్న మాట. సరుగుడు బాదులు మూడు పాతి, చైన్ కప్పీ వేలాడదీసి, ఇంజను బరువును గొలుసు మీదికి తీసుకున్నాం. ముందు ఇరుసును, దాన్ని పట్టి ఉన్న దిమ్మెను విప్పి పక్కకు లాగాం. తరవాత ఛాంబరు బోల్టులు ఒక్కొక్కటే తీశాం. అన్నీ వచ్చాయి. ఛాంబరు రాలేదు.

పాత ఇంజనుకు ఛాంబరు అతుక్కుని ఉండడం వింతేమీ కాదు. నూనె కారకుండా మధ్యలో వేసిన కార్కు షీటు ఎండి పట్టుకుంటుంది. చెక్క సుత్తితో చుట్టూ నాలుగు తట్లు తడితే వదులుతుంది. మేం తట్టాం. పల్చటి కత్తి దూర్చబోతే దూర్చడానికి సందు లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టాం. ఒక మూల కింద గడ్డపార పెట్టి చిన్నగా ఎత్తి చూస్తే ఇంజనంతా గొలుసు మీద ఊగింది గాని సందు మాత్రం తెరుచుకోలేదు. సుత్తి మోతలో తేడా ఉంటుంది, రెండు ఇనుములు కలిసిన చోట మోత పగులుతుంది. ఇక్కడ పగల్లేదు. ఇంజనూ ఛాంబరూ ఒకే పోతలో పుట్టినట్టు ఖంగుమంది. నేను లేచి నిలబడి, బోల్టు ఏదైనా మరిచామేమోనని మళ్ళీ చూశాను. దావీదు కూడా చూశాడు. మరిచింది లేదు.

ఇక గట్టిగా కొట్టడమే మిగిలింది. దానికి నేను ఒప్పుకోలేదు. పోత ఇనుముకు బరువు మొయ్యడం తెలుసు గాని దెబ్బ ఓర్చుకోవడం తెలీదు, కుండలాగా ఒక్కసారే పగులుతుంది. ఆ కంపెనీ ఆ మోడలు చేయడం ఎప్పుడో మానేసింది. పగిలితే మరొకటి ఎక్కడా దొరకదు. నెల్లూరుకు తీసుకుపోదామంటే బండి తనంతట కదలదు, తూర్పున మబ్బు పడుతోంది, ఒక్క వాన పడితే ఆ చవుడు దారిలో ఎద్దుల బండి కూడా దిగబడుతుంది.

అప్పుడు రమణమ్మ గారు కొట్టం గుమ్మంలో నిలబడి, నింపాదిగా అన్నారు. "అది అట్టా రాదు సార్. పెంచలయ్య ప్రాణం పెట్టినాడు దానికి."

ఎవరో మెకానిక్కును మెచ్చుకుంటున్నారనుకుని సరేనమ్మా అన్నాను. మజ్జిగ తెచ్చిన పాలేరు కూడా అదే మాట అన్నాడు. గొడుగుతో వచ్చిన మరిది సైతం, పెంచలయ్య ప్రాణం పెట్టిన పనిని విప్పడం ఎవరి తరమండీ అని నవ్వి వెళ్ళాడు. నాకు చిర్రెత్తింది. ఎవరా పెంచలయ్య, ఏ షెడ్డులో పనిచేశాడు, పిలిపించమన్నాను.

పెంచలయ్య మెకానిక్కు కాడు. కాలువ మీద ఉప్పు, కట్టెలు మోసే పడవలు చేసే వడ్రంగి. ఆరడుగుల మనిషి, తెల్లటి మీసం, నాలుగు వీధులకు వినిపించే గొంతు. వస్తూనే ట్రాక్టరు అడుగున చెయ్యి పెట్టి, ఛాంబరు అతుకును ఈ చివర నుంచి ఆ చివర దాకా నిమిరాడు. వచ్చిన పని మరిచి సగం ఊరికి తన గొప్ప చెప్పుకున్నాడు. కథ ఇది. ఒక తుపాను ఏట కొట్టం కూలి ట్రాక్టరు నీళ్ళలో నానింది. ఆ తరవాత ఛాంబరు అతుకులోంచి నూనె కారిపోవడం మొదలైంది. మద్రాసు నుంచి కార్కు తెప్పించే దారి లేదు, రోడ్లు తెగి ఉన్నాయి. రమణమ్మ గారి భర్త పెంచలయ్యను పిలిచి, నీళ్ళు లోపలికి రాకుండా పడవను మూసే మనిషివి, నూనె బయటికి పోకుండా దీన్ని మూయలేవా అని అడిగారు. ఆ మాట పెంచలయ్యకు పౌరుషంగా తగిలింది. గుగ్గిలం, నూనె, కాస్త సున్నం కలిపి కాచి, దంచి, పాత పత్తి పీచును అందులో ముంచి, రెండు ఇనుముల మధ్య పడవ పలకల సందు నింపినట్టే నింపి, బోల్టులు బిగింపించాడు.

"ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఒక్క చుక్క కారిందేమో అమ్మగారిని అడగండి సామీ," అన్నాడు.

అడగనక్కర్లేదు. ఆ సంగతి నేను వచ్చినప్పుడే చూశాను. నా ఉద్యోగమంతటిలో అడుగు తడిగా లేని పాత ఇంజను అదొక్కటే. ఈ ఇంజనుకు బోల్టులు అన్నీ తీసి పక్కన పెట్టినా, అంత బరువు ఇనుము గుగ్గిలం మీద వేలాడుతోంది. లోపల కోపం ఉన్నా, ఆ అతుకు కేసి చూస్తూ ఔరా అనుకోకుండా ఉండలేకపోయాను.

మెచ్చుకోవడం సరే, విప్పేది ఎలా అని అడిగాను. పెంచలయ్య తెల్లబోయాడు. పడవ అతుకు విప్పడమేమిటి? విప్పరట. పలక పుచ్చిపోతే గొడ్డలితో చీల్చి తీస్తారు, లేదా ఉలితో తవ్వుతారు. ఇక్కడ చీల్చడానికి పలక లేదు, తవ్వడానికి ఉలి పట్టే సందు లేదు. చేసినవాడికి కూడా విప్పడం తెలీదు. అంతసేపూ వీధంతా వినిపించిన గొంతు అక్కడ తగ్గింది.

కాని అతను సంచిలోంచి తీసి చూపించిన పాత గుగ్గిలం ముద్ద నాకు దారి చూపింది. నీడన పెడితే రాయి. గోటికి గీత పడదు. దావీదు దాన్ని బీడీ నిప్పు దగ్గర పెడితే మెత్తబడి వేలికి అంటుకుంది. అంటే ఇంజను నడిచి కాగినప్పుడల్లా ఈ అతుకు మెత్తబడుతోంది, బోల్టులు దాన్ని ఇంకా లోతుకు నొక్కుతున్నాయి, చల్లారాక ఇనుము రంధ్రాల్లో గట్టిపడుతోంది. అన్నేళ్ళూ ప్రతి దుక్కిలోనూ అది ఇంకా బిగుసుకుందే గాని వదల్లేదు. దాన్ని విప్పేది వేడి ఒక్కటే. ఇంజను నడిపితే చాలు, అయిదు నిమిషాల్లో వేడెక్కుతుంది. నడిపితే బేరింగు పోతుంది. బ్లోల్యాంపు మంట పెడదామంటే ఒక చోట కాగి ఇంకో చోట చల్లగా ఉన్న పోత ఇనుము పగులుతుంది, పైగా తల మీద పూరికప్పు, కింద కిరసనాయిలు.

దించిన నూనెనే కాచి తిరిగి అందులో పోద్దామన్నాను. దావీదు ఆలోచించి తల ఊపాడు. లోపలి నుంచి అన్ని వైపులా ఒకే వేడి, మంట అంటదు, ఇనుముకు తొందర ఉండదు. ఆ ఉపాయం ఏ మాన్యువల్లోనూ లేదు. గుగ్గిలంతో ఛాంబరు బిగిస్తారని మాన్యువల్ రాసినవాడు కలలో కూడా అనుకుని ఉండడు కదా.

మర్నాడు పొద్దున కొట్టానికి దూరంగా, గాలి తగలని చోట పొయ్యి పెట్టించాం. వడ్లు ఉడకబెట్టే గంగాళంలో నల్లటి నూనె కాగుతుంటే దావీదు గరిటె పట్టుకుని కాపలా కూర్చున్నాడు. పొగ కనబడకముందే దించేయాలి, లేకపోతే అంటుకుంటుంది. ఇంకో పొయ్యి మీద నీళ్ళు మరిగించి, గోతాలు అందులో ముంచి ఛాంబరు చుట్టూ కప్పాం, బయటి ఇనుము కూడా లోపలి దానితో సమంగా వేడెక్కాలని. అడుగున వరిగడ్డి కుక్కిన గోతాలు పరుపులా వేశాం. రెండు మోకులు ఛాంబరు కింద నుంచి వదులుగా వేసి కట్టాం, ఊడి పడితే పట్టుకోవడానికి. నూనె పోసింది నేనే. పోసి, అందరినీ వెనక్కి జరగమన్నాను.

మొదట ఏమీ జరగలేదు. గోతాలు మార్చాం. మరిది గొడుగు కిందే నిలబడి చూస్తున్నాడు. రమణమ్మ గారు గుంజకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడ ముఖం చూడడం నాకు కష్టమైంది. చూపు అతుకు మీదే పెట్టాను.

అప్పుడు వాసన వచ్చింది. ఇంజను నూనె వాసన మధ్యలో, పూజగదిలో ధూపం వేసినప్పుడు వచ్చే వాసన. మొదట ఎవరింట్లోంచో అనుకున్నాను. కొట్టం నిండిపోయింది. గోతాం ఎత్తి చూస్తే అతుకు పొడుగునా తేనె రంగు చుక్కలు చెమటలా పుట్టాయి. ఒక్కొక్క చుక్కా నిండుకుని, వెలుగుకు మెరిసి, కిందికి సాగుతోంది. దావీదు టోపీ తీసేశాడు. ఎందుకు తీశావని తరవాత అడిగితే, తనకే తెలీదన్నాడు.

చప్పుడు చెయ్యకుండా ఛాంబరు వెనక మూల కొద్దిగా దిగింది. తరవాత ముందు మూల. అది ఊడి పడుతుందని నేను భయపడ్డాను. పడలేదు. నూనె బరువుకు కిందికి లాగబడుతూ, పైన గుగ్గిలం వదలలేక వదులుతూ, నూరు దారాలు సాగినట్టు సాగి, నెమ్మదిగా దిగి మోకుల మీద కూర్చుంది. ఒక అంచు కూడా చెడలేదు. ఇంజను పని చేతబట్టాక నేను అంతవరకు విప్పినవి, ఆ తరవాత విప్పినవి చాలా ఉన్నాయి. ఏ ఇనుమూ అంత మర్యాదగా విడిపోవడం మళ్ళీ చూడలేదు. పెంచలయ్య తడికళ్ళతో నవ్వుతున్నాడు. తన పని గెలిచినందుకో ఓడినందుకో నాకు అర్థం కాలేదు.

చల్లారాక కింద గోతాం పరుచుకుని, వెల్లకిలా దూరి, లైటు వేసి పైకి చూశాను. ఇంజను కడుపు అలా తెరిచి చూడడం నాకు కొత్త కాదు. కాని ఈ క్రాంకు షాఫ్టు అన్నేళ్ళ తరవాత కూడా అద్దంలా ఉంది. విప్పిన బేరింగు చెక్కలో, అరగని మేర, దాన్ని చేత్తో గీకి కూర్చిన ఫిట్టరు పనిముట్టు గుర్తులు చేప పొలుసుల్లాగా వరసగా కనబడ్డాయి. ఎవరో, ఏ ఊళ్ళోనో, యుద్ధం నెత్తి మీద ఉండగా కూడా తొందరపడని చెయ్యి. నేను ఆ పొలుసుల మీద వేలు రాసి, కాసేపు అట్లాగే పడుకున్నాను. బతికి ఉన్నావా సార్ అని దావీదు అడిగాడు.

అరిగింది ఆ ఒక్క బేరింగే, అదీ సరిచేయగలిగినంతే. ఆ బేరింగు రెండు చెక్కల మధ్య పల్చటి ఇత్తడి రేకులు ఉంటాయి. రెండు వైపులా ఒక్కొక్క రేకు తీసి, తిరిగి గీకి కూర్చితే సరిపోతుంది. మరి నూనె ఎందుకు అందలేదు? పంపు మూతిని పట్టుకుని చూశాను. నూనె పీల్చుకునే చోట వడకట్టడానికి ఉండే ఇత్తడి జల్లెడకు నల్లటి ముద్ద ఒకటి చుట్టుకుని ఉంది. కిరసనాయిల్లో కడిగితే గుడ్డ. ఇంకా కడిగితే పసుపు. అంచులు పీలికలైన గుడ్డ, మధ్యలో ముడి. ముడి గట్టిగా ఉంది. కత్తితో విప్పితే, నా అరచేతిలోకి గోరంత బంగారం ముక్క పడింది.

ఛాంబరులో విరిగిన బోల్టులు చూశాను, రేకు ముక్కలు చూశాను, ఒకసారి చచ్చిన తొండను చూశాను. బంగారం చూడలేదు. బయటికొచ్చి అరచెయ్యి చాపాను. పెంచలయ్య దాన్ని చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు తెలిసింది. పడవకు అడుగు మాను మీద మొదటి పలక కూర్చేటప్పుడు, ఆ అతుకులో పసుపు గుడ్డలో చిటికెడు బంగారం కట్టి పెడతారు. ఆ ముడితోనే కట్టెలన్నీ కలిసి పడవ అవుతుందని వాళ్ళ నమ్మకం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ప్రాణం పెట్టడం. పెంచలయ్య ఈ ఇనప పడవకు కూడా, రమణమ్మ గారి చెవి కమ్మలోంచి తీసిచ్చిన రవ్వ బంగారంతో, అతుకు లోపలి అంచున గుగ్గిలంతో అంటించి ప్రాణం పెట్టాడు. ఊరంతా నాకు చెప్పింది అదే. దాచినవాడు ఒక్కడూ లేడు. నేను విన్నది పొగడ్త.

గుగ్గిలం వేడికి మెత్తబడ్డప్పుడు ఎప్పుడో ఆ ముడి జారింది. నూనెలో తిరిగి తిరిగి గుడ్డ పీలికలై జల్లెడను కప్పింది. ఇంజను నిలిచినంతసేపూ పీలికలు పక్కకు తేలేవి, నడవగానే పంపు వాటిని లాక్కునేది. ముల్లు లేచి పడిపోవడానికి కారణం అది. నేను ఇదంతా జల్లెడ చూపిస్తూ విడమరిచి చెప్పాను. చెప్పక తప్పదు, మళ్ళీ పెడితే మళ్ళీ అదే జరుగుతుంది.

పెంచలయ్య జల్లెడను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. ఆ గొంతు అంత చిన్నది కాగలదని నేననుకోలేదు. "నేను పెట్టిన ప్రాణమే దాని గొంతుకు అడ్డం పడినాది గదా సామీ," అన్నాడు.

రమణమ్మ గారు బంగారం ముక్కను నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచారు. ఆమెకు కోపం రాలేదు. ఆమె అడిగింది ఒక్కటే, దీన్ని తిరిగి ఎక్కడ పెడతారని. పెట్టడానికి వీల్లేదని, నూనెలో ఇంజనుకు సంబంధించనిది ఏదీ ఉండకూడదని చెప్పాను. అది మా పనిలో మొదటి సూత్రం. ఆమె తల అడ్డంగా ఊపారు. తన భర్త చేతుల మీద పెట్టించినదాన్ని తీసేసిన బండితో తను దుక్కి మొదలుపెట్టనని, ఆ మాటకొస్తే పాలేరు కూడా దాని మీద ఎక్కడని చెప్పారు. పాలేరు అవునన్నట్టు నేల చూశాడు. ఇంత కష్టపడి దించి, బాగుచేసి, చివరికి గోరంత బంగారం దగ్గర పని ఆగిపోయేట్టుంది. నా ముక్కు మీద కోపం నాలుక దాకా వచ్చింది. దావీదు నా మోచెయ్యి తాకాడు, మింగేశాను.

దారి చూపింది పెంచలయ్యే. అతను ఛాంబరు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, పడవలోనైనా ప్రాణాన్ని నీళ్ళు తగిలే చోట పెట్టరని, రెండు కట్టెల మధ్య పొడిగా ఉండే అతుకులో పెడతారని, ఆ రోజు ఇనుము సంగతి తెలియక లోపలి అంచున పెట్టానని అన్నాడు. "ఇందులో నూనె తగలని అతుకు యాడుందో మీరు చూపించండి. పెట్టేది నేను పెడతా," అన్నాడు.

అది నాకు తెలిసిన విషయం. ఛాంబరు ముందు ముఖానికి ఇరుసు దిమ్మె వచ్చి ఆనే చోట, ఇనుము ఆదా చేయడానికి పోతపోసినవాళ్ళు బొటనవేలు పట్టేంత గుంట వదిలేశారు. దిమ్మె బిగించాక ఆ గుంటకు గాలి కూడా ఆడదు, నూనెకు దానికీ సంబంధం లేదు. చూపించాను. పెంచలయ్య గుంటను శుభ్రంగా తుడిచి, కొత్త పసుపు గుడ్డలో బంగారం ముడేసి పెట్టి, పైన గుగ్గిలం పోశాడు. రమణమ్మ గారు దండం పెట్టుకున్నారు. దావీదు తన పద్ధతిలో కళ్ళు మూసుకున్నాడు. నేను పానా పట్టుకుని నిలబడ్డాను.

గీకి కూర్చిన బేరింగును, కడిగిన జల్లెడను ఎక్కించాం. ఛాంబరును మాత్రం నా పద్ధతిలోనే బిగించాను. కార్కు షీటు కత్తిరించి, లక్క పూసి, బోల్టులను మధ్య నుంచి అంచులకు ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాం. దిమ్మె, ఇరుసు ఎక్కించి గొలుసు వదిలాం. కొత్త నూనె పోశాక దావీదు హ్యాండిలు వేశాడు. ముల్లు లేచింది. అందరం దాన్నే చూస్తున్నాం. పడలేదు. కిరసనాయిలు మీదికి మార్చినా పడలేదు. అడుగున చప్పుడు లేదు, ఇంజను తన మానాన తను నిండుగా కొట్టుకుంటోంది. రమణమ్మ గారు ఆ పొగలోనే నిలబడి, ఎవరి ముందూ దాచుకోకుండా ఏడ్చారు.

అప్పటికి చినుకులు మొదలయ్యాయి. మరిది గొడుగు సర్దుకుని, "అయితే ఈ ఏడూ నువ్వే చేసుకుంటావన్న మాట వదినా," అన్నాడు.

"చేసుకుంటాలే అబ్బయా. నువ్వు తడవబాక, ఇంటికి పో," అన్నారు ఆమె.

మేం సామాన్లు సర్దుకుంటుంటే పెంచలయ్య వంగి ఛాంబరు అడుగు చూశాడు. వెనక మూలన, నా కార్కు దగ్గర, ఒక చుక్క నూనె పుట్టి వేలాడుతోంది. అతను నా వంక చూశాడు, చుక్క వంక చూశాడు. నేను ఆ బోల్టును ఇంకో పావు తిప్పు బిగించాను.

ఆ తరవాత ఉద్యోగం ముగిసేదాకా ఎన్నో పాత ఇంజన్లు నా చేతికి వచ్చాయి. ఏ ఇంజనుకూ పానా పెట్టే ముందు, ఇంతకు ముందు దీన్ని ఎవరు విప్పారు, తిరిగి మూసేటప్పుడు ఏం పెట్టారు అని సొంతదారును అడగడం అలవాటు చేసుకున్నాను. నా కింద పనిచేసినవాళ్ళకూ అదే నేర్పాను. జవాబు ఎంత మామూలుగా వినిపించినా దాన్ని ఉన్నదున్నట్టుగా తీసుకోమన్నాను. ఫలానావాడు దీనికి ప్రాణం పెట్టాడని ఎవరైనా అంటే, ఎక్కడ పెట్టాడని అడుగుతాను.